రెండో పొట్లం

మా ఇంట్లో పదిహేను రోజులుగా ఒక పట్టిక పెత్తనం చేస్తోంది. దాన్ని మా అల్లుడు కంప్యూటర్లో తయారు చేశాడు. మా అమ్మాయికి ఐర్లండులో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆరేళ్ళ కూతుర్నీ మూడేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని పోవాలా వద్దా అన్నది విచారణ. పోతే కలిగే మంచి ఆకుపచ్చ గడుల్లో, చెడు ఎర్ర గడుల్లో. అక్కడి చదువు ఆకుపచ్చ. అక్కడి చలి ఎరుపు. 'అత్త మోకాళ్ళు' అని కూడా ఒక గడి ఉంది. అవి నా మోకాళ్ళు. వాళ్ళు పోతే నన్ను చూసేవాళ్ళుండరని వాటికీ ఎరుపే పూశాడు. నా మోకాళ్ళకు ఇంత పలుకుబడి ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆదివారం వస్తే వీడియో ఫోనులో చుట్టాలవి తొమ్మిది మొహాలు వరసగా వచ్చి కూర్చుంటాయి. అందులో ఒకాయన బెంగుళూరు పోతేనే జలుబు చేసి తిరుపతికి పరిగెత్తుకొచ్చిన మనిషి. ఆయన ఐర్లండు వాతావరణం మీద అరగంట మాట్లాడతాడు. ఇంకొకామె తన ఇద్దరు పిల్లల్నీ ఐదో తరగతిలోనే హాస్టల్లో పడేసిన మహాతల్లి. పసిపిల్లలు సొంతవాళ్ళ మధ్య పెరగాలని ఆమె కళ్ళు తుడుచుకుంటుంది. మా అల్లుడు చెడ్డవాడు కాదు. మోటారు సైకిళ్ళ సామాన్ల కొట్టు నడుపుతాడు. ఎవరేం చెప్పినా తల ఊపి పట్టికలో ఇంకో గడి కలుపుతాడు. ఉద్యోగం వచ్చిన మనిషి మాత్రం వంటింట్లో చపాతీలు ఒత్తుకుంటూ ఇదంతా వింటూ ఉంటుంది.

పోయిన ఆదివారం పట్టికలో ఎరుపూ పచ్చా సరిసమానమయ్యాయట. అప్పుడు మా వియ్యపురాలు ఒక ఉపాయం చెప్పింది.

"ఇంత తల బద్దలు కొట్టుకునేదెందుకు? పూలు పెట్టి అడిగేస్తాం వదినా. నువ్వే పొట్లాలు కట్టు. సిన్నప్పుడు నీ సేతికి ఊరంతా పేరుండేదంట కదా. ఇప్పుడు నీ మనవరాలి సేత తీయిస్తాం."

తెల్లపువ్వు ఒక పొట్లంలో, ఎర్రపువ్వు ఇంకో పొట్లంలో పెట్టి, రెండూ ఒకేలా కట్టి, దేవుడి ముందర కలిపి పెడతారు. దీపం వెలిగించి, ఏమీ తెలియని చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. తెలుపు వస్తే దేవుడు సరే అన్నట్టు, ఎరుపు వస్తే వద్దన్నట్టు. మా వైపు పెళ్ళిళ్ళూ బావులూ ఇళ్ళ స్థలాలూ చాలా వరకూ ఇట్లాగే తేలాయి. నా చేతికి ఊరంతా పేరుండేదన్న మాట కూడా నిజమే. అంతకన్నా సిగ్గుపడవలసిన సంగతి నా బతుకులో ఇంకొకటి లేదు.

మాది కార్వేటినగరం. కోట వెనక వీధిలో మిద్దె ఇల్లు. మా నాయన పుత్తూరులో ఒక నూలు కొట్టులో గుమాస్తా. సాయంత్రం బస్సు దిగి వస్తే ఆయన చొక్కాకు గంజి వాసన, రంగుల వాసన. మా అమ్మ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె దగ్గర సుద్దముక్క వాసన. వంట చేస్తూ చేస్తూ పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో లెక్కలు చేసేది. సంగటి ఉడికేలోపల ఒక లెక్క తెగేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, వాటిని చూసి, "గోడకు మసి పూస్తాది మహాతల్లి," అని తడిగుడ్డతో తుడిచేసేది. మర్నాడు మళ్ళీ అదే చోట కొత్త లెక్క ఉండేది. ఇద్దరూ ఒకరితో ఒకరు గట్టిగా మాట్లాడుకోగా నేను వినలేదు. వాళ్ళ తగాదా అంతా ఆ గోడ మీదే నడిచింది.

ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో ఇంటికి ఒక కవరు వచ్చింది. ఆఫ్రికాలో జాంబియా అనే దేశానికి లెక్కల టీచర్లు కావాలని పేపర్లో ప్రకటన పడితే అమ్మ దరఖాస్తు పెట్టింది. మద్రాసులో ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఉద్యోగం వస్తే భర్తనూ పిల్లలనూ తీసుకుపోవచ్చు, ఇల్లు వాళ్ళే ఇస్తారు. నాకప్పుడు ఏడేళ్ళు. తమ్ముడికి రెండు. వాణ్ని అవ్వ దగ్గర వదిలి, నన్ను వెంటబెట్టుకుని అమ్మా నాయనా తెల్లవారుజాము బస్సెక్కారు. అమ్మ ముందు రోజే ఊరిబిండి పచ్చడి నూరి, దాంతో చపాతీలు కట్టింది. పుత్తూరు దాటకముందే నేను రెండు తినేశాను.

ఆ ఆఫీసులో పంకా తిరిగే పెద్ద గది, బయట ఒక బల్ల. అమ్మ లోపలికి పోతూ తన చేతిసంచిని నాయనకు ఇచ్చింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు సందులోంచి అమ్మ కనిపిస్తోంది. ఎదురుగా ఇద్దరు నల్లటి పొడవాటి దొరలు, చక్కటి సూట్లలో. అమ్మ ఇంగ్లీషులో మాట్లాడుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ గట్టిగా నవ్వింది. అమ్మకు అట్లా నవ్వడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. అంతలో ఒక బంట్రోతు వచ్చి నాయనను, "సార్ మీరు క్యాండిడేటా?" అని అడిగాడు.

"కాదప్పా. లోపల ఉండే ఆమె భర్తను," అన్నాడు నాయన.

బంట్రోతు ఆ చేతిసంచి వైపు చూసి ఊరకే తల ఊపాడు. అంతే జరిగింది. నాయన మాత్రం ఆ సంచిని తన ఒళ్ళోంచి తీసి నా ఒళ్ళో పెట్టాడు.

ఇంటికి చేరగానే అవ్వ, "ఏం జరిగిందే ఆడ?" అని నన్నడిగింది. చూసింది చూసినట్టు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు. "అమ్మ దొరలతో నవ్వతా మాట్లాడింది. నాయన అమ్మ సంచి పట్టుకోని బయట కూసున్నాడు," అన్నాను. అప్పుడు మా పెదనాయన కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన పగలబడి నవ్వాడు. నాయన చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయాడు. ఆ నవ్వుతోనే సగం తీర్పు అయిపోయిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కూడా నవ్వొచ్చింది, నవ్వాను.

పదిరోజులకు ఉద్యోగం వచ్చిందని కాగితం వచ్చింది. నెలలోపల జవాబు రాయాలి. నాయన పోదామనీ అనలేదు, వద్దనీ అనలేదు. "పెద్దోళ్ళను అడగాల," అన్నాడు. మా నాయన బతుకంతా గోడమీద పిల్లే. దిగాల్సి వచ్చినప్పుడల్లా పెద్దోళ్ళు నిచ్చెన తెచ్చేవాళ్ళు.

పెద్దోళ్ళు దిగారు. పెదనాయన ఒకరు. సత్యవేడు నుంచి మా మేనత్త ఒకరు. ఆమె వస్తూ తాటాకు బుట్టలో మురుకులూ, ఒక గంపెడు బేనీషా మామిడికాయలూ తెచ్చింది. వాటిని గడ్డిలో మాగేశారు. మూడు రోజులు ఆ ఇల్లంతా మామిడిపండ్ల వాసన. మూడు రోజులు నడవలో చాప మీద విచారణ. మామిడిపండు రసం మోచేతిదాకా కారుతుంటే నాకుతూ ఒక్కొక్కరూ నా తల్లి బతుకును తేల్చారు.

"ఆడ సింహాలు ఊర్లోకే వస్తాయంట," అంది మేనత్త. ఆమె సింహాన్ని క్యాలెండర్లో తప్ప చూడలేదు.

"సింహాలది ఏముందిలే. జొరాలు! పసిపిల్లోడు తట్టుకుంటాడా?" అన్నాడు పెదనాయన. ఈయన సొంత కొడుకు టైఫాయిడుతో పడి ఉంటే పదిరోజులు విభూతి పూసి ఊరుకున్నవాడు. ఆ పిల్లవాణ్ని ఆస్పత్రికి మోసుకుపోయింది మా అమ్మే.

"సరే, జొరాలు గూడా పోనీ. ఆమె బడికి పోతే వీడు ఇంట్లో ఏం జేస్తాడు? సంగటి కెలకతాడా?" అంది అవ్వ. అందరూ మళ్ళీ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. అది నేను మరిచిపోలేదు.

సంగతి అక్కడే ఉంది. సింహాలూ జ్వరాలూ ఉత్త అలంకారం. భార్య సంపాదిస్తే భర్త ఆమె వెంట పోవడమా అన్నది అసలు కడుపుమంట. ఆ ఒక్క ముక్క బయటికి చెప్పే దమ్ము ఆ చాప మీద ఎవరికీ లేదు. అందుకని ఖండాలు దాటి సింహాలను పిలుచుకొచ్చారు.

ఆ మూడు రోజులూ అమ్మ వండుతూనే ఉంది. పొద్దున దోసెలు, మధ్యాహ్నం సంగటీ పితికిపప్పు పులుసూ, సాయంత్రం కాఫీ. ఆమె కాఫీ లోటాలు తీసుకుని నడవలోకి వస్తే అందరూ మాట ఆపేవాళ్ళు. ఆమె లోటాలు పెట్టి లోపలికి పోగానే మళ్ళీ అందుకునేవాళ్ళు. ఆ నడవకూ వంటింటికీ మధ్య పది అడుగులు. ఆ పది అడుగులూ వచ్చి, "నీకు పోవాలనుందా?" అని అడగడం ఎవరికీ తోచలేదు. పొయ్యి పక్క గోడ మీద మాత్రం ఆ మూడు రోజులూ బొగ్గు లెక్క లేదు. అవ్వకు తుడిచే పని తప్పింది.

మూడో రోజుకు మామిడిపండ్లు అయిపోయాయి, మాటలూ అయిపోయాయి. "గంగమ్మనే అడిగేస్తాం," అంది అవ్వ. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాయన మొహంలో అంత నెమ్మది నేను ఎప్పుడూ చూడలేదు. దేవతకు అప్పగించేస్తే ఇక మొగుడూ పెళ్ళాల మధ్య మాటే అక్కర్లేదు కదా.

పొట్లాలు అవ్వే కట్టింది. నందివర్ధనం పూలు పెరట్లో ఉన్నాయి, ఎర్ర గన్నేరు వాకిట్లో ఉంది. అరిటాకు ముక్కల్లో చుట్టి, అరటినారతో ముడివేసి, చేటలో పెట్టి కుదిపి దేవుడి గూట్లో దీపం ముందర పెట్టింది. నాకు తలంటిపోసి, పట్టుపావడా కట్టి నిలబెట్టారు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పైటకొంగును వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుతూ ఉంది. నేను కళ్ళు మూసుకుని, చేతికి తగిలింది తీశాను.

నాయన విప్పాడు. ఎర్ర గన్నేరు.

"సూసినారా, తల్లి సెప్పింది," అంది అవ్వ. మేనత్త నా చేయి కళ్ళకద్దుకుంది. అమ్మ గుమ్మం దగ్గర లేదు. లోపల నీళ్ళు తోడుతున్న చప్పుడు వినిపించింది.

పెద్దవాళ్ళందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు నేను దేవుడి గూట్లోంచి రెండో పొట్లం తీసుకుని పెరట్లోకి పోయాను. తెల్లపువ్వును జడలో పెట్టుకుందామని, వేరే దురాలోచన లేదు. విప్పాను. అందులోనూ ఎర్ర గన్నేరే ఉంది.

ఏడేళ్ళకు నేను మొద్దును కాదు. సంగతి అర్థమైంది. మళ్ళీ చుట్టి, నాకు వచ్చినట్టు ముడివేసి, గూట్లో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. అవ్వకు భయపడి కాదు. అప్పటికే పక్కింటావిడ వచ్చి, "ఇంతటి పెద్ద విషయం గంగమ్మ ఈ పిల్ల నోట, కాదు, ఈ పిల్ల సేత సెప్పించిందంటనే," అని నా దోసిట్లో బొరుగులూ బెల్లమూ పోసి పోయింది. వారం తిరక్కముందే బావి ఎక్కడ తవ్వాలో తేల్చడానికి నన్ను ఒక తోటకు తీసుకుపోయారు. అక్కడ పాయసం పెట్టారు. తర్వాత ఎవరిదో పెళ్ళి సంబంధానికి. అక్కడ కొత్త రిబ్బన్లు ఇచ్చారు. ఆ ఎండాకాలమంతా నా చేయి ఊళ్ళో ఒక దేవత. బెల్లానికీ రిబ్బన్లకీ నేను మా అమ్మను అమ్ముకున్నాను. ఇంతకంటే మర్యాదగా ఆ సంగతి చెప్పడం నాకు చేతకాదు.

అమ్మ జాంబియాకు జవాబు రాసింది. రాలేని పరిస్థితి అనో, క్షమించమనో, ఏం రాసిందో నాకు తెలియదు. ఆ ఊళ్ళోనే పదవీ విరమణ దాకా లెక్కలు చెప్పింది. నాయన పోయాక తిరుపతిలో నా దగ్గరికి వచ్చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాం. తొక్కులోంచి పప్పు జారి గిన్నెలో పడుతోంది. అప్పటికి నాకే యాభై దాటాయి. ఇంకా ఎన్నాళ్ళు దాచాలని అనిపించి చెప్పేశాను.

"మా, ఆ పొద్దు పూలు పెట్టినారే, రెండు పొట్లాల్లోనూ ఎర్రపూలే ఉండె."

అమ్మ పితకడం ఆపలేదు. "తెలుసు," అంది.

"నీకెట్ల తెలుసు?"

"దేవునికి పెట్టిన పూలు కాళ్ళకింద పడకూడదని సెట్టు మొదట్లో వేసేదానికి ఎత్తింది నేనే కదా. విప్పి సూసినా."

"మరి ఎందుకు అడగలేదు? అందర్నీ నిలబెట్టి కడిగింటే!"

అమ్మ గిన్నెలోంచి ఒక తొక్కు ఏరి పారేసింది.

"ముడి సూసినా. మీ అవ్వ నారను రెండు సుట్లు తిప్పి కొస లోపలికి దోపుతాది. అది జడకు రిబ్బను కట్టినట్ల కట్టుండె. నువ్వు విప్పినావని అప్పుడే తెలిసె. పొద్దు గూకేదాకా నీకోసం సూస్తా ఉంటి. వస్తావు, సెప్తావు అని."

"నేను ఏడేండ్ల దాన్ని మా."

"అవును, నువ్వు ఏడేండ్ల దానివి," అంది అమ్మ. ఆ గొంతులో కోపం లేదు. "మీ నాయన ముప్పై అయిదేండ్లోడు. ఆయనకోసం గూడా సూసినా. పోవాలనుండాదా నీకు అని ఒక్కరు, ఎవురో ఒక్కరు అడిగింటే సాలు. నోరు తెరిసి 'ఉండాది' అని సెప్పేదాన్ని. ఎవురూ అడగలే. అడగని దానికి నేనెట్ల సెప్పేది?"

గింజలు అయిపోయేదాకా పితికాం. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ నా వైపు చూడకపోవడం నా మీద దయ చేతనేనని నాకు తెలుసు. ఆ దయకు నేను తగను.

అందుకే ఈ ఆదివారం వియ్యపురాలు పూల సంచి తెచ్చి నా ముందర పెట్టినప్పుడు నేను కాదనలేదు. నందివర్ధనాలు, ఎర్ర మందారాలు, అరిటాకు, అన్నీ బజారులో కొని తెచ్చింది. "తలుపేసుకుని కట్టాల, ఎవరూ చూడకూడదు," అన్నాను. అందరూ భక్తిగా తలలూపారు. నా చేతికి అంత పేరు మరి.

తలుపేసుకుని కట్టాను. బయటికి వచ్చి దేవుడి పటం ముందర పెట్టాను. దీపం వెలిగించారు. తొమ్మిది మొహాలూ ఫోనులోంచి మెడలు చాచాయి. మా అల్లుడు పట్టిక ఉన్న కంప్యూటరును కూడా పక్కనే పెట్టుకున్నాడు, దేవుడు చెప్పగానే అందులో ఎక్కించుకోవడానికి కాబోలు. మనవరాలికి పట్టుపావడా కట్టారు. అది ఒక పొట్లం తీసి వాళ్ళ నాయనకు ఇచ్చింది.

ఆయన విప్పాడు. లోపల పువ్వు లేదు. నలిపిన అరిటాకు ముక్క ఒకటి ఉంది.

"ఏంది వదినా ఇది? అపశకునం!" అని వియ్యపురాలు గుండెల మీద చేయి వేసుకుంది. ఫోనులో బెంగుళూరు జలుబు పెద్దమనిషి, "పువ్వు పెట్టేది మర్సిపోయినట్టుండాదే, వయసు," అన్నాడు.

"నేను మర్సిపోయేది ఈ జన్మకు లేదప్పా," అన్నాను. "నిజం చెప్పాలంటే మిమ్మల్నందర్నీ చూస్తే నాకు అసహ్యంగా ఉండాది. పెద్ద మనుషులు మీరు తేల్చుకోలేక ఆరేండ్ల బిడ్డ నెత్తిన పెట్టేదానికి సిగ్గు లేదూ? రేపు ఏం జరిగినా అది తన చేతివల్లే జరిగిందని ఆ బిడ్డ బతుకంతా మోయాల్నా?"

నేను వంటింటి వైపు తిరిగాను. మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతికి చపాతీ పిండి.

"నీకు పోవాలనుండాదా?"

అది మొగుడి మొహం వైపు చూసింది.

"వాని మొగం సూడొద్దు. నా మోకాళ్ళు గూడా సూడొద్దు. నిన్ను అడుగుతా ఉండా. నీకు పోవాలనుండాదా, లేదా?"

అది చేతి పిండిని కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "ఉండాదిమా. మొదట్నుంచీ ఉండాది," అంది. అంతలోనే ఏడ్చేసింది.

మా అల్లుడు కంప్యూటరు మూశాడు. "మరి ఒక్కసారి గూడా నాకు సెప్పలేదే?" అన్నాడు. "నువ్వు అడిగితివా?" అంది అది. ఇద్దరూ గదిలోకి పోయి తలుపేసుకున్నారు. లోపల గొంతులు పెరిగాయి. ఎవరు గెలుస్తారో, పోతారో ఉంటారో నాకు తెలియదు. వాళ్ళు వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటున్నారు, నాకు అది చాలు. మా అమ్మకు ఆ పోట్లాట కూడా దక్కలేదు.

వియ్యపురాలు మొహం ముడుచుకుని పూలన్నీ సంచిలో వేసుకుంటోంది. నా మనవరాలు మాత్రం దీపం దగ్గరే నిలబడి ఉంది.

"అవ్వా, ఆ ఇంకో దాంట్లో ఏముండాది?" అంది.

"విప్పి సూడు," అన్నాను.

అది అందరి ముందరా రెండో పొట్లం విప్పింది. అందులోనూ నలిపిన అరిటాకు ముక్కే ఉంది.